స్పోర్ట్స్ కార్ కంపెనీ పెట్టాలని ఉంది, పొలం అమ్మమంటారా?

చక్రి_విశాఖ:

అందరికీ నమస్కారం. నాది విశాఖ, మెకానికల్ ఫైనలియర్. మా కాలేజీ ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ పిల్లలు చిన్న రేసు కారు కట్టి పోటీపడేది) టీమ్‌లో ఛాసిస్, సస్పెన్షన్ నేనే చూస్తాను. కోయంబత్తూరు కారి ట్రాక్ మీద ఆ పోటీ ఫార్ములా భారత్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి బుర్రలో ఒకటే తిరుగుతోంది. మన దేశం నుంచి ఒక స్పోర్ట్స్ కార్ కంపెనీ పెట్టాలి, అదీ పేరుకి కాదు, బయటి దేశాల వాళ్లు కూడా డబ్బులిచ్చి కొనుక్కునేలా.

భోగాపురం దగ్గర మా తాతగారి పొలం ఉంది, ఎయిర్‌పోర్ట్ పుణ్యమా అని రేటు బాగా పెరిగింది. అమ్మేసి పెట్టుబడి పెట్టు, నేనూ ఓ చెయ్యి వేస్తా అని మామయ్య అంటున్నాడు. నాన్న మాత్రం ముందు అమీర్‌పేట వెళ్లి ఏదో ఒక కోర్సు చెయ్యి, తర్వాత చూద్దాం అంటున్నారు. అన్నీ కలిపితే రెండు కోట్ల దాకా రావచ్చు. నా ప్లాన్ ఇది: రెండేళ్లలో ప్రోటోటైప్, దాన్ని ఆటో ఎక్స్‌పోలో పెట్టి బుకింగ్‌లు తీసుకోవడం, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ. ట్యూబులర్ ఫ్రేమ్, ఫైబర్ బాడీ, ఎవరిదైనా రెండు లీటర్ల టర్బో ఇంజిన్, బరువు 900 కిలోలు, ధర 30 లక్షల లోపు.

లంబోర్గిని కూడా ట్రాక్టర్లు చేసుకునే ఆయన ఫెరారీ మీద కోపంతో పెట్టిన కంపెనీయే కదా. స్వీడన్‌లో సూపర్‌కార్లు చేసే కోనిగ్‌సెగ్ 22 ఏళ్లకే మొదలుపెట్టాడు. మరి నేనెందుకు పెట్టకూడదు? మొహమాటం లేకుండా చెప్పండి. "ఇండియాలో రోడ్లు బాగోవు" అని మాత్రం చెప్పకండి, అది నాకూ తెలుసు.

కూకట్‌పల్లి_కుర్రాడు:

ఇండియాలో రోడ్లు బాగోవు బ్రో.

సరే, జోక్ పక్కన పెడితే మీ నాన్నగారు చెప్పిందే నా మాట కూడా. సాఫ్ట్‌వేర్‌లో చేరి బాగా సంపాదించి ఒక పాత పోర్షా కొనుక్కో. కంపెనీ పెట్టేవాడికి కారు నడిపే టైమ్ ఎలాగూ దొరకదు.

టెస్ట్‌బెడ్_పుణె:

తమ్ముడూ, నేను పుణెలో వెహికల్ సర్టిఫికేషన్ పనిలో ఉన్నాను. ఏ కంపెనీ, ఏ ల్యాబ్ అన్నది వద్దులే. నీ ప్లాన్‌లో ప్రోటోటైప్ ఉంది, ఎక్స్‌పో ఉంది, ఫ్యాక్టరీ ఉంది. ప్రోటోటైప్‌కీ అమ్మకానికీ మధ్య జరిగేది ఒక్క ముక్క కూడా లేదు. కంపెనీలు చచ్చిపోయేది అక్కడే.

ఇక్కడ కారు అమ్మాలంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 126 కింద టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ రూల్స్ ప్రకారం ఉందన్న ఆమోదం, తీసుకోవాలి. పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర జీఏఆర్‌సీ, ఇలాంటి సంస్థలు చేస్తాయి. బ్రేకులు, లైట్లు, అద్దాలు, సీట్ బెల్ట్ బిగించే పాయింట్లు, స్టీరింగ్ గుండెకి కొట్టుకుంటే ఎంత దెబ్బ తగులుతుంది, కారులోని ఎలక్ట్రానిక్స్ పక్కవాటిని డిస్టర్బ్ చేస్తాయా, ఇలా పెద్ద లిస్టు ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ఖర్చు క్రాష్ టెస్టులు. ఏఐఎస్ 098 అనే ప్రమాణం ప్రకారం గంటకి 56 కిలోమీటర్ల వేగంతో ముందు భాగాన్ని ఒక పక్కగా గుద్దించాలి, ఏఐఎస్ 099 ప్రకారం 50 కిలోమీటర్లతో పక్క నుంచి గుద్దించాలి. ఒకసారి గుద్దిన కారు మళ్లీ పనికిరాదు కదా, ఇంకోటి కట్టాలి. ఫెయిలైతే డిజైన్ మార్చి మళ్లీ కట్టి మళ్లీ గుద్దాలి. పెద్ద కంపెనీ అయితే ముందు కంప్యూటర్ సిమ్యులేషన్‌లో వందలసార్లు గుద్దేసి చివర్లో నిజం కారు తెస్తుంది. ఆ సిమ్యులేషన్ చేసే మనుషులకి జీతాలు ఎంతుంటాయో కనుక్కో, నీ రెండు కోట్లలో ఎన్ని నెలలు వస్తాయో నీకే తెలుస్తుంది.

"ఎవరిదైనా ఇంజిన్" అన్నావు, అది ఇంకో కథ. ఇంజిన్ అంటే ఒట్టి ఇనుము కాదు. దాని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), క్యాటలిస్ట్ (పొగలో విషం తగ్గించేది), సెన్సర్లు అన్నీ కలిపి నీ బరువుకి, నీ గేర్లకి క్యాలిబ్రేట్ చేసి బీఎస్6 పొగ పరీక్ష పాస్ చేయించాలి, 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడిపి కొలిచే ఎమిషన్ పరీక్ష కూడా వచ్చింది. సంవత్సరానికి వంద ఇంజిన్లు కొంటానంటే ఏ పెద్ద కంపెనీ అయినా నీ కోసం ఒక ఇంజినీర్ని ఎందుకు కూర్చోబెడుతుంది? అడిగి చూడు, మర్యాదగానే చెప్తారు, కానీ వద్దనే చెప్తారు.

మన దగ్గర ఇది ఎవరూ ప్రయత్నించలేదని మాత్రం అనుకోకు. 1998లో శాన్ స్టార్మ్ వచ్చింది, రెండు సీట్లు, ఫైబర్ బాడీ, చిన్న రెనో ఇంజిన్, టాప్ తీసేసుకోవచ్చు. నేను ఒకటి బెంగళూరులో చూశాను, ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది, కానీ స్పోర్ట్స్ కారు అనిపించేంత పవర్ లేదు, అమ్ముడుపోయినవీ తక్కువే. తర్వాత 2012 ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతి పెట్టారు, జనం ఎగబడి ఫొటోలు తీసుకున్నారు. అదీ రెండు లీటర్ల రెనో టర్బోయే, ధర కూడా 35 లక్షల దగ్గర. అంటే నీ ప్లాన్ దాదాపు అదే! టాటా వాళ్లంతటి వాళ్లు 2017లో జెనీవాలో రేస్మో అని చిన్న స్పోర్ట్స్ కారు చూపించి, లెక్కలు వేసుకుని పక్కన పెట్టేశారు. వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ ఉంది, ఇంజిన్ ఉంది, డీలర్లు ఉన్నారు, అయినా వద్దనుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారో ఒక రాత్రి కూర్చుని ఆలోచించు.

పొలం మాత్రం అమ్మకు.

కోవెంట్రీ_కిరణ్:

పుణె అన్నతో ఏకీభవిస్తూనే కొంచెం వేరే వైపు నుంచి చెప్తాను. నాది గుంటూరు, పన్నెండో పదమూడో ఏడు ఇంగ్లండ్‌లో, కార్ల సస్పెన్షన్ పార్టులు చేసే సప్లయర్ దగ్గర.

ముందు నీ రెండు ఉదాహరణలు. ఫెరుచియో లంబోర్గిని కోపంతో పెట్టాడన్న కథ అందరూ చెప్తారు, ఎంత నిజమో దేవుడికెరుక. కానీ 1963లో కార్ల కంపెనీ పెట్టేనాటికి ఆయన ఇటలీలో పేరున్న ట్రాక్టర్ల తయారీదారు, హీటర్లు, ఏసీల వ్యాపారం కూడా ఉంది. ఇంజిన్‌కి ఫెరారీలో పనిచేసి వచ్చిన బిజ్జారినిని పెట్టుకున్నాడు, ఛాసిస్‌కి డల్లారా అనే పాతికేళ్లు దాటిన కుర్రాడిని. మీయూరా అనే కారు 1966లో వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది, ఒప్పుకుంటా. కానీ 1972లో సగానికి పైగా వాటా అమ్మేశాడు, 1974లో మిగిలింది కూడా అమ్మేసి ద్రాక్షతోట చూసుకోవడానికి వెళ్లిపోయాడు. 1978కి కంపెనీ దివాలా. చేతులు మారి మారి 1998లో ఆడీ దగ్గరికి చేరాక కుదురుకుంది. అంటే ఈరోజు మనం చూసే సక్సెస్ పెట్టినాయన చేతిలో ఉండగా వచ్చింది కాదు. ఎంజో ఫెరారీ కూడా 1969లో సగం వాటా ఫియట్‌కి ఇచ్చాడు, రేసింగ్ ఖర్చు అలాంటిది.

కోనిగ్‌సెగ్ 22 ఏళ్లకి మొదలుపెట్టిన మాట నిజమే, 1994లో. మొదటి కారు కస్టమర్ చేతికి వెళ్లింది 2002లో. ఎనిమిదేళ్లు! ఆ మొదటి మోడల్ సీసీ8ఎస్ మొత్తం కట్టినవి ఆరు. అంతకు ముందు ఆయన వ్యాపారం చేశాడు, ట్రేడింగ్ కంపెనీ నడిపాడు, ఫ్రోజెన్ చికెన్ కూడా ఎగుమతి చేశాడు. 2003లో ఫ్యాక్టరీకి మంటలంటుకుంటే పాత వైమానిక స్థావరంలో ఫైటర్ విమానాల షెడ్డుకి మారారు. ఇవన్నీ తట్టుకున్నాడు కాబట్టే మనకి ఆ పేరు తెలుసు, తట్టుకోలేని వాళ్ల పేర్లు మనకి తెలియవు, అదీ తేడా.

నీకు నేను చూపించాలనుకున్నది వీళ్లిద్దరూ కాదు. ఏరియల్ ఆటమ్ చూశావా? బాడీ ప్యానెళ్లే ఉండవు, ట్యూబులర్ ఫ్రేమే కారు, లోపల హోండా సివిక్ టైప్ ఆర్ ఇంజిన్. అది 1996 ప్రాంతంలో ఇక్కడి కోవెంట్రీ యూనివర్సిటీలో ఒక స్టూడెంట్ ప్రాజెక్టుగా మొదలైంది. అక్కడ పాఠాలు చెప్పే సైమన్ సాండర్స్ దాన్ని పట్టుకుని కంపెనీ చేశాడు. సోమర్సెట్‌లో ఒక చిన్న ఊరు, కొద్దిమంది మనుషులు, ఏడాదికి సుమారు వంద కార్లు. ఒక్కో కారుని ఒక్క మనిషే మొదటి నుంచి చివరి దాకా బిగిస్తాడు. పెరగాలని ఆరాటం లేదు, ఎదురుచూసే కస్టమర్లు ఉన్నారు, దానితోనే పాతికేళ్లుగా బతుకుతున్నారు. నా లెక్కలో సక్సెస్ అంటే అది.

కానీ అది ఇంగ్లండ్‌లో ఎందుకు కుదిరిందో కూడా చెప్పాలి. ఇక్కడ తక్కువ సంఖ్యలో చేసే కార్లకి, ఒక్కొక్క కారుకి విడివిడిగా కూడా, అప్రూవల్ తీసుకునే పద్ధతి ఉంది. కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌ని 1957లో కిట్‌గా అమ్మాడు, ఇంట్లో బిగించుకుంటే పన్ను లేదు కాబట్టి. 1973లో పన్ను రూలు మారగానే ఆ కారు హక్కులు కేటర్‌హామ్‌కి ఇచ్చేశాడు, వాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. బ్రేకులు కావాలంటే ఒక ఊళ్లో, వైరింగ్ కావాలంటే పక్క ఊళ్లో, రేసు గేర్‌బాక్స్ కావాలంటే ఇంకో అరగంట దూరంలో, పది సెట్లు అడిగినా తలుపు తీసేవాళ్లు ఉంటారు. ఇండియాలో పది సెట్లు అడిగితే గేటు దగ్గర సెక్యూరిటీ కూడా లోపలికి పంపడు.

ఇంకో మాట. లోటస్ కార్లు అమ్మి ఎప్పుడూ పెద్దగా మిగుల్చుకోలేదు, ఇతర కంపెనీలకి ఇంజినీరింగ్ చేసిపెట్టి నిలబడింది. డెలోరియన్ కారు ఇంజినీరింగ్ వాళ్లదే, టెస్లా మొదటి రోడ్‌స్టర్‌కి ఆధారం లోటస్ ఎలీజే. పోర్షా కూడా అంతే, పాత రోజుల్లో ఫోక్స్‌వ్యాగన్ అమ్మిన ప్రతి బీటిల్ మీదా వాళ్లకి రాయల్టీ వచ్చేది. స్పోర్ట్స్ కారు బోర్డు మీద పేరు, ఇల్లు గడిచేది వెనక షెడ్డులో పనితో. నీ ప్లాన్‌లో ఆ వెనక షెడ్డు ఏది?

చక్రి_విశాఖ:

చాలా థాంక్స్ అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. అవంతి సంగతి తెలుసు గానీ నా ప్లాన్ అంత దగ్గరగా ఉందని నాకే తట్టలేదు, కొంచెం టెన్షన్ వచ్చింది. మరి ఎలక్ట్రిక్ చేస్తే? ఎమిషన్ గొడవ ఉండదు, ఇంజిన్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు, జీఎస్టీ 5 శాతమే. క్రొయేషియాలో రిమాట్స్ ఎలక్ట్రిక్ సూపర్‌కార్ చేసి చూపించాడు కదా.

సెల్‌ప్యాక్_సతీష్:

బెంగళూరులో బ్యాటరీ ప్యాకుల పని చేస్తాను. బతిమాలాల్సింది ఇంజిన్ వాళ్లని కాకుండా సెల్ వాళ్లని అవుతుంది, అంతే తేడా. మంచి పవర్ ఇచ్చే సెల్స్ ఇప్పటికీ ఎక్కువగా బయటి నుంచే రావాలి, చిన్న ఆర్డరుకి అక్కడా ఇదే మర్యాద. బ్యాటరీకి ఏఐఎస్ 038 పరీక్షలు వేరే ఉన్నాయి, ఒక సెల్ మండినా లోపల కూర్చున్నవాళ్లు దిగిపోవడానికి టైమ్ ఉండాలి. క్రాష్ టెస్టు ఎలాగూ తప్పదు.

పన్ను మాట నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద పెట్రోల్ కార్ల మీద 40 శాతం, ఎలక్ట్రిక్ మీద 5. కానీ బరువు చూసుకో, 900 కిలోలన్నావు, ట్రాక్ మీద అరగంట గట్టిగా తిరగ్గలిగే ప్యాక్ పెడితే ఆ నంబర్ మర్చిపో.

రిమాట్స్ కథ బాగా చదువు, పైపైన కాదు. తన పాత బీఎండబ్ల్యూ ఇంజిన్ రేసులో పేలిపోతే దాన్ని ఎలక్ట్రిక్ చేశాడు, 2009లో కంపెనీ, 2011లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాన్సెప్ట్ వన్. అది కట్టినవి ఎనిమిదే. మరి క్రొయేషియాలాంటి, కార్ల పరిశ్రమే లేని దేశంలో జీతాలు ఎలా ఇచ్చాడు? కోనిగ్‌సెగ్ రెగెరాకి బ్యాటరీ, ఆస్టన్ మార్టిన్ వల్కిరీకి బ్యాటరీ, ఇలా వేరేవాళ్లకి చేసిపెట్టి. కిరణ్ గారు చెప్పిన వెనక షెడ్డు ఇదే. మన మహీంద్రా వాళ్ల చేతిలోని పినిన్‌ఫరీనా బ్యాటిస్టా అని ఎలక్ట్రిక్ హైపర్‌కార్ చేస్తే, దాని బ్యాటరీ, మోటార్లు కూడా రిమాట్స్‌వే. 2018లో పోర్షా పది శాతం వాటా కొన్నది, 2021లో బుగాటీయే అతని చేతికి వచ్చింది. ఇంత చేసి, తన సొంత ఎలక్ట్రిక్ కారు నెవెరాకి కొనేవాళ్లు అనుకున్నంత లేరని 2024లో అతనే ఒప్పుకున్నాడు, అదే ఏడాది బుగాటీ కొత్త కారు టూర్బియాన్‌లో వీ16 పెట్రోల్ ఇంజిన్ పెట్టాడు. కోట్లు పోసేవాడికి చప్పుడు కావాలి బాబూ, నిశ్శబ్దం కాదు.

టెస్ట్‌బెడ్_పుణె:

సతీష్ గారు, అది కోటీశ్వరుల సంగతి. 30 లక్షల కారుకి లెక్క వేరు, అక్కడ 35 శాతం పన్ను తేడా మామూలు విషయం కాదు. చప్పుడు కంటే ఈఎంఐ ముందు వినిపిస్తుంది. తమ్ముడు రోడ్డు కారే చేస్తానంటే ఎలక్ట్రిక్ వైపు వెళ్లడమే నయం అంటాను నేను.

సెల్‌ప్యాక్_సతీష్:

సరే, కానీ 30 లక్షలు పెట్టి ఇద్దరు మాత్రమే కూర్చునే కారు మన దగ్గర ఎవరు కొంటారు? భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అత్తగారు, బియ్యం మూట. లంబోర్గిని వాళ్లే ఇండియాలో ఏడాదికి వంద దాటింది 2023లో, అందులోనూ ఎక్కువ ఉరుస్, అంటే ఎస్‌యూవీ.

ఫైబర్_భాస్కర్_బాలానగర్:

అందరూ రోడ్డు కారు అనే మాట్లాడుతున్నరు. రోడ్డు మీదికి ఎందుకు తమ్మీ? ట్రాక్‌కే చెయ్యి. టైప్ అప్రూవల్ లేదు, క్రాష్ టెస్ట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. రేసింగ్ రూల్స్ ప్రకారం రోల్‌కేజ్ (కారు బోల్తా పడ్డా కాపాడే పైపుల గూడు), ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, సీట్, బెల్టులు సరిగ్గ పెట్టాలె, అంతే. చెన్నై, కోయంబత్తూరు, నోయిడా ట్రాకుల మీద ట్రాక్ డేలు (పైసలు కట్టి ట్రాక్ మీద కారు నడిపే రోజులు) నడుస్తున్నయ్, సొంత కారు పాడవుతదని భయపడి నడపనోళ్లు చాలామంది ఉన్నరు. వాళ్లకి కిరాయికి ఇచ్చే పది కార్లు కట్టు ముందు. పది కార్లు ఏడాది పొడుగునా కొత్త కొత్తవాళ్లు కొడుతుంటే ఏది విరుగుతదో, ఏది వేడెక్కుతదో నీకు తెలుస్తది.

నాకు బాలానగర్‌లో ఫైబర్ వర్క్ షాపు ఉంది, బస్సు బంపర్లు, మెషిన్ కవర్లు, అప్పుడప్పుడు కాలేజీ పిల్లల కార్ల బాడీలు. నీలాంటోళ్లు నా దగ్గరకు సీజన్‌కు నలుగురు వస్తరు. అందరూ కంప్యూటర్‌ల బొమ్మ తెస్తరు, మంచిగుంటది. ఫైబర్ చీప్ అనుకుంటరు. చీప్ అయ్యేది మెటీరియల్, పని కాదు. ముందు అసలు సైజులో ప్యాట్రన్ చెయ్యాలె, ఫోమ్ తోనో ఎండీఎఫ్ తోనో. దానికి పుట్టీ కొట్టి ఎమరీ పట్టి, మళ్లీ పుట్టీ కొట్టి మళ్లీ ఎమరీ పట్టి, ట్యూబ్‌లైట్ కింద నిలబడి చూస్తే గీత వంకర పోకుండ ఉండేదాకా రుద్దాలె. దాని మీద మౌల్డ్, ఆ మౌల్డ్‌ల నుంచి పీసు. ప్యాట్రన్‌ల ఒక్క గుంట ఉంటే ప్రతి కారుల ఆ గుంట ఉంటది. డోరు, బానెట్ మధ్య గ్యాప్ పై నుంచి కిందికి ఒకే తీరు రావాలంటే ప్రాణం పోతది. ఎక్స్‌పోలో బాడీ చూసి మురిసినోళ్లు వానాకాలం డోర్ల నుంచి నీళ్లు కారితే ఊకోరు.

కార్బన్ ఫైబర్ నేర్చుకోవాలంటే హైదరాబాద్ మంచి జాగా. డీఆర్‌డీఓ ల్యాబులు ఇక్కడే, ఆదిభట్ల దిక్కు విమానాల పార్టులు చేసే కంపెనీలు ఉన్నయ్, వాటికి పని చేసిపెట్టే చిన్న షాపులు ఉన్నయ్. పగాని అని అర్జెంటీనా ఆయన గట్లనే వచ్చిండు, లంబోర్గినిలో ఉద్యోగం చేస్తూ కార్బన్ పని నేర్చిండు. ఆటోక్లేవ్ (కార్బన్ పీసుని వేడి, ఒత్తిడి పెట్టి గట్టిచేసే పెద్ద పొయ్యి) కొనండి అని అడిగితే ఫెరారీ వాళ్లకే లేదు మనకెందుకు అన్నరంట, అప్పు చేసి సొంతంగ కొనుక్కున్నడు. 1991లో సొంత కంపెనీ, వేరేవాళ్లకి కాంపోజిట్ పని. ఆయన కారు జోండా బయటకి వచ్చింది 1999ల. ఇంజిన్ మెర్సిడెస్‌ది.

చక్రి_విశాఖ:

ట్రాక్ కారు ఆలోచన నాకు అసలు రాలేదు అన్నా. ఫ్రేమ్, సస్పెన్షన్ నేను చేయగలను, ఇంజిన్‌కి యాక్సిడెంట్ అయిన కార్ల నుంచి తీసుకోవచ్చు, రోడ్డు మీదికి వెళ్లదు కాబట్టి బీఎస్6 గొడవ కూడా లేదు కదా? మామయ్యతో ఇప్పుడే మాట్లాడాను, పది కార్లా, నేను పది వేలు అనుకున్నా అన్నాడు.

కిరణ్ అన్నా, మాస్టర్స్‌కి ఇంగ్లండ్ రావడం మంచిదా, లేక ఇక్కడే ఉద్యోగంలో చేరాలా?

కోవెంట్రీ_కిరణ్:

మాస్టర్స్ ఫీజు పెట్టి ఒక ట్రాక్ కారు కట్టేయొచ్చు, అది గుర్తుపెట్టుకో. పైగా చదువయ్యాక వీసా స్పాన్సర్ చేసే చిన్న కంపెనీలు తక్కువ, నీకు పని నేర్పేవి ఆ చిన్నవే. ముందు పుణెలోనో చెన్నైలోనో సస్పెన్షన్ లేదా బ్రేకుల సప్లయర్ దగ్గర చేరు. డ్రాయింగ్‌కీ పార్టుకీ మధ్య ఎన్ని గొడవలుంటాయో, సప్లయర్ రేటు ఎలా కడతాడో అక్కడ అర్థమవుతుంది, రేపు నువ్వు పది సెట్లు అడిగితే ఇచ్చే మనిషి ఫోన్ నంబర్ కూడా అక్కడే దొరుకుతుంది. శని, ఆదివారాలు ఫ్రేమ్ మొదలుపెట్టు. యాక్సిడెంట్ ఇంజిన్ కొనేటప్పుడు ఈసీయూ, వైరింగ్, తాళం చెవి, మీటర్ క్లస్టర్ అన్నీ ఒకే కారువి తీసుకో, లేకపోతే ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని లాక్) దగ్గర నెల పోతుంది. ఆర్‌సీ రద్దయిన కాగితం కూడా అడుగు.

ఫైబర్_భాస్కర్_బాలానగర్:

మొదటి కారుకి బాడీ వద్దు తమ్మీ, ముక్కు, సైడ్ పాడ్లు, మడ్‌గార్డులు చాలు. ఫ్రేమ్ తిరిగి, నాలుగుసార్లు విరిగి, కొలతలు ఇక మారవు అన్న రోజు రా, ప్యాట్రన్ మొదలుపెడదాం. అడ్వాన్స్ మాత్రం ముందే ఇయ్యాలె, కాలేజీ పిల్లలు నాకు ఇంకా బాకీ ఉన్నరు.

కూకట్‌పల్లి_కుర్రాడు:

ట్రాక్ కిరాయి రేటు ఎంత పెడతావో చెప్పు బ్రో, మొదటి బుకింగ్ నాదే. హెల్మెట్ మీరిస్తారా, మేం తెచ్చుకోవాలా?